మిషన్‌కూ ఒక దుబాషీ కావాలి

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చేసే పనేమిటో మాకు అర్థమయ్యేలా చెప్పు" అని మన సంఘం కార్యదర్శి పది నిమిషాలు ఇచ్చారు. నేను సీఎన్‌సీ మిషన్లకు, అంటే కంప్యూటర్ నడిపే మిల్లింగ్ మిషన్లకూ లేత్‌లకూ, పోస్ట్ ప్రాసెసర్లు రాస్తాను. పోస్ట్ అనగానే తపాలా అనుకోకండి. మా ఇంట్లో చాలాకాలం అలాగే అనుకున్నారు.

తెలుగు మాస్టారు ముందు వరుసలో ఉన్నారు కాబట్టి ఆయన దారిలోనే మొదలుపెడతాను. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాషీగా పనిచేశారు. సాక్షి ఒక భాషలో చెప్పింది జడ్జికి మరో భాషలో వినిపించడం దుబాషీ పని. ఒక్క మాట చేర్చకూడదు, ఒక్క మాట వదలకూడదు. సాక్షి ఎంత నిజం చెప్పినా జడ్జి చెవిన పడేది దుబాషీ మాటే. పోస్ట్ ప్రాసెసర్ పనీ అదే.

ఒక ఇనుప దిమ్మ నుంచి భాగం తయారు కావాలనుకోండి. ఇంజనీరు కంప్యూటర్లో క్యామ్ సాఫ్ట్‌వేర్‌తో టూల్ నడవాల్సిన దారి గీస్తాడు. ఫలానా బిందువుకు వెళ్లు, స్పిండిల్ తిప్పు, కూలెంట్ వదులు... ఇలా ఉంటుంది. ఈ దారి ఏ ఒక్క మిషన్‌కూ చెందినది కాదు. దాన్ని ఎదురుగా ఉన్న మిషన్ కంట్రోలర్‌కు అర్థమయ్యే జి-కోడ్‌గా మార్చేదే పోస్ట్ ప్రాసెసర్. ఒక సెకను ఆగమనాలంటే ఫానక్‌కు 'జి4 పి1000' అని రాస్తాం, సీమెన్స్‌కు 'జి4 ఎఫ్1' అని రాస్తాం. మధ్యమధ్య టూల్‌ను పైకి లాగుతూ లోతైన రంధ్రం వేయాలంటే ఒకరికి 'జి83', ఇంకొకరికి 'సైకిల్83'.

ఈ ఏర్పాటు పాతదే. అమెరికాలో ఎంఐటీ వాళ్లు 1952లో అంకెలతో నడిచే మిల్లింగ్ మిషన్‌ను ప్రదర్శించారు. ఆ దశాబ్దం చివరికి అక్కడే డగ్లస్ రాస్ నాయకత్వంలో ఏపీటీ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చింది. మిషన్లు రకరకాలు కాబట్టి అందరికీ ఉమ్మడిగా ఉండే లెక్కలు ముందు పూర్తిచేసి, మిషన్‌ను బట్టి మార్చాల్సింది తర్వాతకు పెట్టారు. తర్వాత చేసే పని కాబట్టి 'పోస్ట్'. 1980లో ఆర్‌ఎస్-274-డి, 1982లో ఐఎస్ఓ 6983 ప్రమాణాలు వచ్చినా, తయారీదారులు సొంత కోడ్‌లు పెట్టుకోవడానికి చోటు మిగిలింది. అందరిదీ జి-కోడే, మాండలికాలు మాత్రం వేరు. శ్రీకాకుళం, చిత్తూరు, నిజామాబాద్ వాళ్లం అందరం మాట్లాడేది తెలుగే అయినట్టు. ఫానక్ మిల్లింగ్ మిషన్‌లో 'జి92' అంటే కొలతల మూలబిందువు పెట్టడం. అదే ఫానక్ ఉన్న చాలా లేత్‌లలో 'జి92' అంటే త్రెడ్ కోసే సైకిల్.

ఇక లెక్కల మాస్టారికి నచ్చే సంగతి. దశాంశ బిందువు మర్చిపోతే ఆయన మార్కు కోసేవారు. మిషన్ ఏం కోస్తుందో చెబుతాను.

హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న యూనిట్. కొత్త మిషన్ వచ్చింది. పాత దాని కంట్రోలరూ దీని కంట్రోలరూ ఒకే కంపెనీవి కాబట్టి పాత పోస్టే వాడారు. తేడా ఒక్క పారామీటర్‌లో ఉంది. చుక్క లేకుండా 'జడ్100' అని ఇస్తే పాత మిషన్ 100 మిల్లీమీటర్లు అనుకునేది. కొత్తది 100 మైక్రాన్లు, అంటే 0.1 మిల్లీమీటరు అనుకుంది. పాత పోస్ట్ పూర్ణసంఖ్యలకు చుక్క పెట్టదు. ఆ జాబ్‌లో కోతకు సంబంధించిన కొలతలన్నీ దశాంశాలే కాబట్టి వాటికి చుక్క ఉంది. టూల్ పైకి లేవాల్సిన ఎత్తు ఒక్కటే సరిగ్గా 100. మొదటి పాకెట్ శుభ్రంగా కోసింది. తర్వాత టూల్ వెంట్రుకవాసి లేచి, పూర్తి వేగంతో పక్కకు పరుగెత్తి క్లాంప్‌ను గుద్దింది. టూల్ ముక్కలైంది, స్పిండిల్ బేరింగులు పోయాయి.

నన్ను పిలిచేసరికి తప్పు ఆపరేటర్‌దని తేల్చేశారు. ఐటీఐ చదివి కొత్తగా చేరిన కుర్రాడు. నష్టం అతని జీతంలో కోయాలని మాట్లాడుకుంటున్నారు. కంప్యూటర్ తెర మీద సిమ్యులేషన్ చక్కగా నడిచింది కదా అని యజమాని వాదన. తెర మీద నడిచింది పోస్ట్‌కు ముందున్న దారి. సాక్షి మాటను సాక్షి భాషలోనే విని, అనువాదం బాగుందన్నట్టు. నేను ప్రోగ్రామ్‌లో ఆ వరుస చూపించి, పారామీటర్ పేజీ తెరిచాను. యజమాని కాసేపు మాట్లాడలేదు. జీతం కోత ఆగింది. కుర్రాడి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

అందుకని, మనలో యూనిట్లు నడుపుతున్నవాళ్లకు నా మనవి. ఒకటి, ప్రతి మిషన్‌కూ దాని పోస్ట్ దానికి ఉండాలి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తేదీతో రాసి ఉండాలి. రెండు, బయటికొచ్చిన జి-కోడ్‌నే సిమ్యులేట్ చేయించండి. అది కుదరకపోతే మొదటిసారి టూల్‌ను జాబ్‌కు బాగా పైన గాలిలో, సింగిల్ బ్లాక్‌లో, రాపిడ్ వేగం తగ్గించి నడపండి. మూడు, ప్రోగ్రామ్‌ను ప్రతిసారీ చేత్తో దిద్దుకుంటున్నారంటే జబ్బు పోస్ట్‌లో ఉందని అర్థం. అక్కడ ఒక్కసారి దిద్దితే రేపటి ప్రోగ్రామ్ కూడా బాగుంటుంది. దిద్దాక మళ్లీ గాలిలో నడిపి చూడండి.

పిల్లలకు ఒక్క మాట. సాఫ్ట్‌వేరే అన్నీ రాసిపెడుతుంటే జి-కోడ్ చదవడం ఎందుకని కాలేజీలో ఎవరైనా అంటారు. నేర్చుకోండి. మిషన్ ముందు నిలబడేది మీరు. దానికి ఏం చెప్పారో మీరు చదవగలిగితే, ఏదైనా జరిగిన రోజున మీ తరఫున మీరే మాట్లాడగలరు.