బిడ్డ చికిత్సకు కన్నవారు ఒప్పుకొననపుడు

పంచాయతీ సభ్యులారా,

పాము కరచిన బిడ్డను మంత్రగాని యొద్దకును, కామెర్లు సోకిన బిడ్డను పసరు పోయువాని యొద్దకును తీసికొనిపోవు అలవాటు మన పల్లెలలో ఇంకను పూర్తిగా తొలగలేదు. వైద్యుడు ఆపరేషను చేయవలెనన్నను, “మా బిడ్డ, మా ఇష్టము” అని సంతకము చేయక ఇంటిదారి పట్టువారును కలరు. అట్టి వేళ బిడ్డ పక్షమున మాటాడు అధికారము ఎవరికి కలదు? ఈ సంగతియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

చికిత్సకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననుట సాధారణ నియమము. కన్నవారికి గల మమకారము మరెవ్వరికి ఉండును? కాని బిడ్డ వారి ఆస్తి కాదు. సంరక్షకుని నియమించునపుడు మైనరు క్షేమమునే ప్రధానముగా చూడవలెనని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము చెప్పుచున్నది. అవసరమైనచో హైకోర్టు తానే తల్లిదండ్రుల స్థానమున నిలిచి నిర్ణయింపగలదు.

అట్లని కోర్టులు కన్నవారి మాటను త్రోసిరాజనుటకు తొందరపడవు. పాట్నాలో తలలు కలిసి పుట్టిన ఇద్దరు బాలికలకు ఆపరేషను చేయింపవలెనని ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని సుప్రీంకోర్టును ఆశ్రయించినది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు పరీక్షించి, అది ప్రమాదకరమనిరి. తల్లిదండ్రులు ఒప్పుకొనలేదు. 2013 లో కోర్టు వారి మాటనే మన్నించినది. ఆ పేద కుటుంబమునకు నెలకు 5,000 రూపాయలు ఇయ్యవలెనని బీహారు ప్రభుత్వమును ఆదేశించినది.

ఇంగ్లండులో 2000 సంవత్సరమున తీర్పు వేరుగా వచ్చినది. అచ్చటి అవిభక్త కవలలలో ఒకరి గుండెపైననే ఇద్దరును బ్రతుకుచుండిరి. వేరుచేయనిచో కొద్ది నెలలలో ఇద్దరును దక్కరని వైద్యులు చెప్పిరి. తల్లిదండ్రులు మతవిశ్వాసముచే వలదన్నను కోర్టు అనుమతించినది. ఒక బిడ్డ దక్కినది, రెండవ బిడ్డ మరణించినది. అది ఎంత కఠినమైన తీర్పో చెప్పనలవికాదు.

మన సూర్యాపేటలో 2003 లో జన్మించిన వీణా-వాణీలను మీరెరుగుదురు. 2015 లో లండను వైద్యులు వచ్చి చూచిరి. ఐనను వేరుచేయు ఆపరేషను జరుగలేదు. వారు 2022 లో ఇంటర్మీడియెటు ఉత్తీర్ణులైరి. కావున ఆపరేషనుకు జంకిన ప్రతి తల్లిని మూఢురాలని నిందింపరాదు.

పాముకాటు మాట వేరు. దానికి విరుగుడు సూది ఉన్నది; ఆలస్యమైన కొలది ప్రాణమునకు ముప్పు.

హైదరాబాదు–విజయవాడ రహదారిపై కోదాడ వద్ద ఒక బిడ్డకు ప్రమాదము జరిగినదనుకొనుడు. కన్నవారిని పిలిపించు వ్యవధి లేదు. వైద్యుడు సద్బుద్ధితో, బిడ్డ మేలుకొరకు వెంటనే ఆపరేషను చేసినచో అది నేరము కాదని 1860 నాటి శిక్షాస్మృతియే చెప్పినది. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షనులోను ఆ రక్షణ కలదు. తండ్రి ఎదుట నిలిచి వలదన్నపుడు మాత్రము వైద్యుని చేయి ఆగును. మీ పని అచ్చటనే మొదలగును.

మొదట కారణము కనుగొనుడు. పెక్కుమార్లు అది మూఢత కాదు, డబ్బు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది. ఆ సంగతి తెలియజెప్పినచో కొందరైనను మెత్తబడుదురు. అప్పటికిని వినకున్న, 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద జిల్లా బాలల సంక్షేమ కమిటీని ఆశ్రయింపవచ్చును. అధ్యక్షునితోపాటు నలుగురు సభ్యులుగల ఈ కమిటీకి మేజిస్ట్రేటు అధికారములు కలవు; రక్షణ కావలసిన బిడ్డ చికిత్సను గూర్చియు అది నిర్ణయింపగలదు. వైద్యుడు, నర్సు, ప్రభుత్వోద్యోగి, ప్రజాహితము కోరు ఏ పౌరుడైనను బిడ్డ సంగతి దాని ముందు పెట్టవచ్చును. కమిటీ కొలువుతీరని వేళ ఒక సభ్యుని యెదుటనైనను బిడ్డను హాజరుపరుపవచ్చును.

బుద్ధిపూర్వకముగా బిడ్డను నిర్లక్ష్యము చేసినవారికి మూడేండ్లవరకు జైలుగాని, లక్ష రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. కాని శిక్ష మాట ముందుగా ఎత్తకుడు. బెదరిన తండ్రి రాత్రికి రాత్రి బిడ్డను ఊరు దాటించును.

సూర్యాపేట, కోదాడవారు సూర్యాపేట జిల్లా కమిటీకిని, మిర్యాలగూడవారు నల్లగొండ జిల్లా కమిటీకిని తెలుపవలెను. ఆయా కమిటీల టెలిఫోను నంబర్లను, పిల్లల సహాయమునకైన 1098 ను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు.