పెరటి మొక్కలపై పేనుబంక: గుర్తించు విధము
(ప్రసంగ పాఠము)



కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో పేనుబంకను ఎరుగని రైతు లేడు. లేత ఆకులు ముడుచుకొని, జిగురు పట్టి, కొమ్మలపై చీమలు ప్రాకుచుండినచో వెంటనే మందు చల్లవలెనని తోచును. కాని ఏ జాతియో తెలియక చల్లిన మందువలన డబ్బు వ్యర్థమగును. మేలుచేయు పురుగులు నశించును. పెరటి కూరపై చల్లిన విషము తుదకు మన కంచములోనికే వచ్చును.

మొదట ఆకు అడుగుభాగమును భూతద్దముతో పరీక్షింపవలెను. పేనుబంక శరీరము మెత్తగా, ముందు సన్నగా, వెనుక లావుగా నుండును. వెనుకభాగమున సాధారణముగా రెండు చిన్న గొట్టములు కనబడును. పచ్చదోమకు, తామర పురుగునకు ఇట్టి గొట్టములు లేవు.

పిమ్మట మొక్కను గమనింపవలెను. గన్నేరు, జిల్లేడు మొక్కలపై నుండునది నిండు పసుపు రంగుది. దాని కాళ్ళు, గొట్టములు నల్లనివి. దానివలన పత్తికి భయము లేదు. అలసంద, చిక్కుడు, వేరుశనగలపై నుండునది మెరయు నలుపు. ముల్లంగి, క్యాబేజీ, ఆవ మొక్కలపై నుండునది బూడిద చల్లినట్టి లేత ఆకుపచ్చ.

బెండ, వంగ, దోస, మందారలపై తరచుగా కనబడు జాతి విషయమున మాత్రము మిక్కిలి జాగ్రత్త అవసరము. దాని రంగు పసుపునుండి ముదురు ఆకుపచ్చవరకు మారుచుండును. ఒక్కొక్కప్పుడు నల్లగా కూడ నుండును. కావున రంగునుబట్టియే నిర్ణయింపరాదు. పత్తి రసమును పీల్చునది ఈ జాతియే. దోస, మిరప, బొప్పాయి మొక్కలకు వైరసు తెగుళ్ళను చేరవేయునదియు ఇదియే.

మన వాతావరణములో ఆడ పేనుబంక మగదానితో నిమిత్తము లేకయే పిల్లలను పెట్టును. ఆ పిల్లలు వారము, పది దినములలో తామును పిల్లలను పెట్టును. గుంపు పెరిగినపుడు రెక్కలు గలవి పుట్టి ఇతర మొక్కలకు ఎగిరిపోవును. అందుచే కాపు ముగిసిన బెండ మొక్కలను పెరటిలో నిలువనీయక పీకివేయవలెను.

ఆ గుంపుల నడుమ చిన్న మొసలివలె, నల్లని ఒంటిపై నారింజ మచ్చలతో తిరుగు పురుగును చంపరాదు. అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకయే దాని ఆహారము. పురుగు పట్టిన చివుళ్ళను త్రుంచుట, నీటిని గట్టిగా చిమ్ముట, 5 శాతము వేపగింజల కషాయమును చల్లుట తొలి ఉపాయములు.

జాతి తేలనిచో కొమ్మను కవరులో నుంచి వ్యవసాయ విస్తరణాధికారికి గాని, జగిత్యాల చెంత పొలాసలోని పరిశోధన స్థానమునకు గాని చూపవలెను. పంచాయతీ నర్సరీలో ఒక భూతద్దము నుంచి, వార్డు సభ్యులు ముందుగా తామే చూచుట నేర్చినచో గ్రామమంతయు నేర్చును.