పాత మెత్తకుర్చీల నెన్నుకొనుట

ఎడ్లను కొనునప్పుడు మీరు పండ్లు చూతురు, గిట్టలు చూతురు, సుడులు చూతురు, నాలుగడుగులు నడిపించి చూతురు. చర్మము నిగనిగలాడుచున్నదని మాత్రమే సొమ్ము చెల్లించు రైతు ఉండడు. అట్టివారే పట్నమునకు పోయి, పాతసామాను అంగడిలో మెత్తలు కుట్టిన చేతుల కుర్చీ నొకదానిని చూచి, పైబట్ట బాగున్నది, చేతుల కొనలకు చెక్కడము బాగున్నది అని తలయూచి కొని తెచ్చుట నేను పలుమారు చూచితిని. ఎడ్లను పరీక్షించినట్లు కుర్చీని పరీక్షించు విధమెట్టిదో ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని.

మెత్తకుర్చీ యనగా, వీపునకును, చేతులకును, కూర్చుండు చోటికిని లోపల పీచో, దూదియో, వెండ్రుకలో కూరి, పైని బట్టగాని తోలుగాని బిగించి కుట్టినది. ఇది మన పూర్వుల సొత్తు కాదు. మనకు పీటయు, చాపయు, మంచమును, వీధియరుగును చాలియుండెను. దొరల బంగళాలనుండి జమీందారుల దివాణములకును, అక్కడినుండి ప్లీడర్ల యిండ్లకును, పెద్దరైతుల సావిళ్ళకును ఇది నడచి వచ్చినది. 1948లో చెన్నరాష్ట్రమున జమీందారీల రద్దు శాసనము వచ్చెను; 1949లో హైదరాబాదు సంస్థానమున జాగీర్లు రద్దాయెను. పెద్ద లోగిళ్ళను నిలుపుకొనజాలనివారు ఆ తరువాత సామాను అమ్ముకొనసాగిరి. అట్లు చేతులు మారిన కుర్చీలు నేటికిని అంగళ్ళలో కనబడుచున్నవి. కావున కొనుటకు పోకముందు మీ యింటి యటక నొకసారి యెక్కి చూడుడు. తాతగారి కుర్చీ కాలు కదలుచున్నదని మనుమలు పాతసామాను బండికి వేయుదురు. దానినే బాగుచేసి, పట్టుబట్ట తొడిగి, ఎన్నో రెట్ల వెలకు పట్నమున అమ్ముదురు. ఆ రెండవ అంగడిలో మనము మరల కొనుట తెలివి కాదుగదా!

ఈ కుర్చీ పుట్టుక కొంచెము తెలిసికొనుట మంచిది. పదునేడవ శతాబ్దము చివర ఇంగ్లండు మొదలగు దేశములలో, వీపునకు ఇరుప్రక్కల రెక్కలవలె మెత్తలు నిలిపిన పెద్దకుర్చీలు వచ్చినవి. అవి కొలువుకూటమున దర్పమునకు వేసినవి కావు. ముసలివారును, రోగులును పడకటింటిలో కూర్చుండుటకు చేసినవి. చలిగాలి తలకు సోకకుండ ఆ రెక్కలు కాపాడును. కునుకు పట్టినచో తల వాటిపై వాలును. కొన్నిటికి కూర్చుండు పలక క్రింద మలపాత్ర సయితము అమర్చియుండిరి. నేడు వాటినే గొప్పయింటి లక్షణమని చావడి నడుమ వేసికొనుచున్నారు! మొదట వీటిలో స్ప్రింగులు లేవు. బిగువైన నవారుపై గుఱ్ఱపు వెండ్రుకలు కూరి కుట్టెడివారు. లండనులో శామ్యూల్ ప్రాట్ అను నతడు చుట్టు స్ప్రింగులను కూర్చుండు మెత్తలకు వాడు పద్ధతికి 1828లో పేటెంటు పొందెను. విక్టోరియా రాణి కాలమున అవి విరివియై, గుండీలు లోతుగా బిగించిన ఉబ్బుకుర్చీలు బయలుదేరినవి. 1866 ప్రాంతమున మారిస్ అను నతని కంపెనీవారు వీపును వెనుకకు వాల్చుకొను కొయ్యకుర్చీని, విడిమెత్తలతో అమ్మసాగిరి. కుట్టు మెత్తది, విడిమెత్తలది అను ఈ భేదము మనకు ముఖ్యము. మన యెండలకును, వాన ముసురులకును విడిమెత్తల కుర్చీయే మేలని నా యభిప్రాయము. మెత్తను తీసి ఎండవేయవచ్చును, విప్పి ఉదుకవచ్చును. కుట్టుమెత్త వేడిని పట్టును, చెమ్మను పట్టును, నల్లులకు కోటయగును.

ఇక పరీక్ష. మొట్టమొదట చూడవలసినది కుర్చీని కాదు, దానిలో కూర్చుండబోవు మనిషిని. డెబ్బదియేండ్ల వృద్ధునకు కూర్చుండుట కష్టము కాదు, లేచుటయే కష్టము. ఉబ్బుకుర్చీలలో పెక్కు పొట్టివి, లోతైనవి. కాళ్ళు చాచి చుట్ట కాల్చుకొను దొరకు తగినవి. ఇంటిలో మోకాటి వెనుకనుండి నేలవఱకు గల ఎత్తును ఒక త్రాటితో కొలిచి, ఆ త్రాటిని వెంట తీసికొనిపొండు. మనిషి కూర్చున్నపిమ్మట మెత్త అణగియుండగా కొలిచినను ఆ యెత్తునకు తగ్గరాదు. వీపు వెనుకకు ఆనియుండగా, మోకాటి మడతకును మెత్త అంచునకును నడుమ మూడు వ్రేళ్ళు దూరవలెను. కుర్చీ చేతులు ముందుకు బాగుగా వచ్చియుండవలెను. లేచునప్పుడు అరచేతులు ఆనుకొనుటకు అవియే ఆధారము. బాసింపట్టు వేసికొని కూర్చుండు అలవాటుగలవారు రెండు చేతుల నడుమ వెడల్పుగూడ చూచుకొనవలయును. అంగడివాడు ఏమనుకొనునో యని మొగమాటపడక, పావుగంటసేపు కూర్చుండి, ఎవరి చేయియు పట్టుకొనక లేచి చూడుడు. రెండుసార్లు ఊగి లేవవలసివచ్చిన కుర్చీ మీది కాదు.

ఇందులో నేను పట్టుదల చూపుటకు కారణము కలదు. మా మేనమామగారికి ఆయన కుమారులు ఒక పాత తోలుకుర్చీని కొని తెచ్చిరి. చూపునకు సింహాసనమే. దాని కాళ్ళకు ఇత్తడి చక్రములుండెను. క్రొత్తగా నున్నని నాపరాళ్ళు పఱచిన సావడిలో వేసిరి. మూడవ దినమున ఆయన లేవబోయి చేతులపై బలముగా నొక్కగా కుర్చీ వెనుకకు జరిగిపోయెను. తుంటి యెముక విఱిగినది. ఎనిమిది నెలలు మంచమున నుండి గతించిరి. ఆ చక్రములు తివాసీలు పఱచిన యిండ్లకొఱకు అమర్చినవి. నున్నని నేలపై వేయువారు వాటిని ఊడదీయించి, కాళ్ళక్రింద రబ్బరు బిళ్ళలు బిగింపవలయును. ఎత్తు తగ్గినచో కొయ్యదిమ్మెలు చేర్పవలయును. వీపు వాలవలెనని వెనుకకాళ్ళు కోయించువారు కలరు. అట్లు కోసిన కుర్చీ వెనుకకు తిరగబడుటకు సిద్ధముగా నున్నదన్నమాటే.

మనిషికి కుదిరిన తరువాత ఎముకలు చూడవలయును. ముందుకాళ్ళలో నొకదానిని పట్టుకొని జానెడు ఎత్తుడు. రెండవ ముందుకాలును తానుగా పైకి వచ్చినచో చట్రము గట్టిది. అది నేలను అంటియుండి, కుర్చీ మెలిక తిరిగినచో అతుకులు వదలినవని తెలియవలయును. వదలిన అతుకు దోషమే కాని, చావు కాదు. పూర్వపు వడ్రంగులు ఒక కొయ్యకు తొలిచిన గాడిలో మఱియొక కొయ్య నాలుకను దించి, సరేసుతో అతికించెడివారు. సరేసు జంతువుల చర్మమును, ఎముకలను ఉడికించి తీసిన జిగురు. వేడికిని తడికిని అది మరల కరగును. కావున తెలిసిన వడ్రంగి చట్రమును విడదీసి, శుభ్రముచేసి, తిరిగి బిగింపగలడు. ఇట్టి అతుకులో ఎవరైనను ఇనుపమేకు కొట్టినచో కొయ్య చీలును. చీలిన నాలుక మరల పట్టదు. మూలలకు ఇనుపరేకులు, తలలేని మేకులు కనబడిన కుర్చీని చెక్కడము ఎంత సొగసైనను వదలుడు.

తరువాత కుర్చీని బోర్లించి, అడుగున మేకులు నాలుగు తీసి, గోనెపట్టా తొలగించి చూపుమని అడుగుడు. ఒప్పుకొనని వానియొద్ద బేరము వలదు. బయటికి కనబడు కాళ్ళు టేకువో జిట్టేగివో యై యుండవచ్చును. బట్టచాటు కమ్ములు చవుకకొయ్యవి కావచ్చును. సీమకుర్చీలలో ఆ కమ్ములు సాధారణముగా బీచికొయ్యవి. పుచ్చుపురుగుకు అది పాయసము. క్రింద తెల్లకాగితము పఱచి కమ్మిని తట్టుడు. లేతరంగు పొడి రాలినచో పురుగు ఇంకను లోపల ఉండియుండును. పాతబెజ్జములుండి పొడి రాలకున్నచో వేలిగోటితో నొక్కి కొయ్య గట్టిగా నున్నదో లేదో చూడుడు. మేకుల బెజ్జములను గూడ గమనింపుడు. బట్ట మార్చినప్పుడెల్ల క్రొత్త మేకులు పడును. పలుమారు మార్చిన కమ్మి అంచు జల్లెడయై ఇక మేకును పట్టదు. నూఱేండ్ల కుర్చీ యని చెప్పి, ఒక్క వరుస బెజ్జములే కనబడినచో ఆ మాట నమ్మదగదు.

నవారు వ్రేలాడుట, స్ప్రింగులను కట్టిన పురికొస తెగుట చిన్న రోగములు. నవారు మంచము నేయువారికి ఇది చెప్పనక్కఱలేదు. అరచేతితో నొక్కినప్పుడు ఒక మూల లోతుకు పోయి, ఒక మూల పొడుచుకొని వచ్చుచో కొస తెగినదని తెలియును. దానికొఱకు వెల తగ్గింపుడు, కుర్చీని వదలకుడు. లోని కూర్పు మాత్రము చేతితో తీసి చూడవలయును. గుఱ్ఱపు వెండ్రుక పిడికిట నొక్కి వదలిన వెంటనే లేచును. దానిని ఉదికి, చిక్కుతీసి, మరల కూరవచ్చును. కొబ్బరిపీచు చౌక, కాని కాలము గడచిన కొలది విఱిగి పొడియగును. బూరుగుదూది అణగిపోవును. స్పాంజి కనబడినచో, అది 1950 తరువాతనే విరివిగా వాడుకలోనికి వచ్చినది గాన, లోపలి సరుకు మారినదని తెలిసికొనుడు.

వయస్సు తెలిసికొనుటకు అంగడివాని కథకంటె మరమేకు నయము. ఆ కథలలో ప్రతి కుర్చీలోను ఒక కలెక్టరు దొర కూర్చుండియుండును. ఆయనకు వేఱే యుద్యోగము లేకుండెను కాబోలు! మరమేకు తలపై గాటు ప్లస్ గుర్తువలె నున్నచో అది 1930 తరువాతి దశాబ్దమున పుట్టినది. 1850కి ముందటి మరమేకులకు సాధారణముగా మొన యుండదు. చేతిఱంపపు గీతలు మాత్రము సాక్ష్యము కావు. సీమలో యంత్రములు వచ్చిన పిమ్మటను మన వడ్రంగులు చిరకాలము చేతిఱంపముతోనే కోసిరి.

దంతపు పని పొదిగిన కుర్చీ నెవరైన చూపినచో చేయి పెట్టకుడు. పదునెనిమిదవ శతాబ్దమున మన విశాఖపట్టణపు పనివారు జిట్టేగికొయ్యలో ఏనుగుదంతము పొదిగి, దొరల మాదిరులపై చేసిన కుర్చీలు నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున నున్నవి. ఆ ఘనత మనదే. కాని వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986లో జరిగిన సవరణతో దంతపు వ్యాపారము నిషేధింపబడినది. అట్టివానిని చూచి ఆనందింపవలయునేగాని కొనరాదు. దొరల కాలపు మంచి కుర్చీలు ఎట్లుండునో కన్నులకు అలవాటు చేసికొనదలచువారు హైదరాబాదునకు పోయినప్పుడు సాలార్జంగు మ్యూజియమున ఒక పూట గడుపుట మంచిది. మఱియొక మాట. అమెరికాలోని కుమారుడు తాతగారి కుర్చీని పంపుమని కోరవచ్చును. నూఱేండ్లు దాటిన కళాఖండములను సొంతముగా దేశము దాటించుటకు 1972 నాటి పురావస్తు చట్టము అనుమతింపదు. ముందుగా పురావస్తు శాఖవారిని అడుగవలయును.

ఇంటిలోనికి తెచ్చుటకు ముందు కుట్లసందులను, మేకుల వరుసలను దీపముతో చూడుడు. నల్లచుక్కలు కనబడినచో నల్లులున్నవని నిశ్చయము. పైన ఎండవేసినంత మాత్రమున మందపు మెత్త లోపలివి చావవు. బట్టను తీసి కాల్చి, కూర్పును వేడినీట ఉదికింపవలయును. పైబట్టకు దళసరి నూలుబట్ట మనకు తగినది. రెక్సిను వేసవిలో ఒంటికి అంటుకొనును. కొయ్యపై పాత లక్కపూతను గీకించి క్రొత్త రంగు వేయింపకుడు. మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా లక్కపూత మీదుగా మరల పూయించిన చాలును.

బేరము కుదుర్చుకొనుటకు ముందే పనివానిని చూచుకొనుడు. స్ప్రింగులు కట్టనేర్చినవారు గ్రామములలో అరుదు. పట్నములలో మోటారు బండ్ల సీట్లు కుట్టువారిలో వృద్ధులు కొందఱు ఈ పని యెఱుగుదురు. వారి కూలి, నవారు, బట్ట, కొస అన్నియు లెక్కకట్టి, ఆ మొత్తమును అంగడివాని ధరకు కలిపి, అప్పుడు ఈ కుర్చీ మీకు దక్కు వెల యెంతయో తేల్చుకొనుడు. పనివాడు వెండ్రుకలు తీసివేసి స్పాంజి పెట్టుదునని తప్పక చెప్పును. అది అతనికి సుళువు, పైగా వెండ్రుకలకు వెల వచ్చును. ఒప్పుకొనకుడు. బయటికి తీసిన వెండ్రుకలను మీ యెదుటనే తూచి, గోనెసంచిలో కట్టించి, ఉదికి ఆరిన పిమ్మట అవియే మరల లోపల పడునట్లు దగ్గఱ కూర్చుండి కుట్టించుకొనుడు.