రాజకీయ పక్షములు – ప్రజాప్రభుత్వ స్థైర్యము

(నగరమున జరిగిన వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



కులాభివృద్ధికై కూడిన యీ సభలో రాజకీయ పక్షముల ప్రసంగ మేల యని కొందఱు శంకింపవచ్చును. మన బిడ్డల చదువును, మన పొలముల నీరును ప్రభుత్వ నిర్ణయములకు లోఁబడి యున్నవి. ఆ ప్రభుత్వము నిలుచుటయుఁ గూలుటయుఁ బక్షముల నడవడిని బట్టియే జరుగును. కావున నీ విషయమును విన్నవింపఁ దలఁచితిమి.

మన పొరుగుననున్న బాపట్లలో 1913వ సంవత్సరమునఁ బ్రథమాంధ్ర మహాసభ జరిగెను. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన నవతరించెను. కోరికను వెల్లడించుటకు సభలు చాలును. రాష్ట్రమును బాలించుటకు మాత్రము శాసనసభలో నొక్కమాటపై నిలుచు పక్షము వలయును.

ఈ సత్యమును నూతన రాష్ట్రము వెంటనే యనుభవించెను. 140 మంది సభ్యులు గల యా శాసనసభలో నే పక్షమునకును సొంత యాధిక్యము లేకుండెను. ప్రకాశము పంతులుగారు ప్రజా సోషలిస్టు పక్షమును వీడి, కాంగ్రెసు బలముతో ముఖ్యమంత్రి యైరి. త్యాగమునను ధైర్యమునను వారిని మించినవా రరుదు. అయినను మద్యనిషేధ విషయమున 1954 నవంబరులో నొక్క వోటు తేడాతో వారి మంత్రివర్గము పడిపోయి, రాష్ట్రపతి పాలన వచ్చెను. మఱుసటి సంవత్సరమునఁ గాంగ్రెసు, ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పక్షము, ప్రజాపార్టీ ముందుగనే యొడంబడి ప్రజల యెదుటికి వచ్చి, 196 స్థానములలో 146 గెలిచెను. వ్యక్తి యెంత గొప్పవాఁడైనను, వెనుక స్థిరమైన పక్షము లేనిచోఁ బ్రభుత్వము నిలువదని దీనివలనఁ దెలియుచున్నది.

పక్షములోపలి చీలికయు నంతియ యపాయకరము. 1984 ఆగస్టులో గవర్నరుచేఁ దొలగింపఁబడిన రామారావుగారి మంత్రివర్గము, ప్రజాందోళనము పిమ్మట సెప్టెంబరులో మరల నెలకొనెను. 1985లో ఫిరాయింపుల నిషేధ సవరణము వచ్చెను. మూఁడవ వంతు సభ్యులు చీలినచో దోషము లేదను వెసులుబాటు 2003లో రద్దయ్యెను. కాని చట్టము ఫిరాయించినవాని పదవిని దీయఁగలదు గాని, వానికి నిష్ఠను నేర్పఁజాలదు. అది వోటరులు నేర్పవలసినది.

స్థైర్య మనఁగా నేకపక్ష ప్రభుత్వము గాదు. ప్రతిపక్షము లేని సభ కట్టలు లేని కాలువ వంటిది. నీరు పాఱును గాని చేనికిఁ జేరదు.

కావున సంఘ సభ్యులకు మా మనవి యిది. ఎవరి కిష్టమైన పక్షములో వారు చేరవచ్చును. అందు ప్రశ్నించు హక్కును వదలుకొనరాదు. మాట తప్పినవాఁడు మనవాఁడైనను వోటు వేయరాదు. మన సంఘము నే నాయకుఁడును వోట్లమూటగాఁ గట్టి యే పక్షమునకును అమ్మకుండునట్లు మన మందఱము కాపాడుకొనవలయును. అట్లయిననే సంఘమునకు గౌరవము, ప్రభుత్వమునకు బలము.