కత్తి మన పనిముట్టు, దాన్ని ఆయుధం కానివ్వొద్దు
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 ముందు వరసలో కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పొద్దు మేము మాట్లాడేది మీతోనే.

ఏటా ఈ సభలో మన ఆట గురించి, పాట గురించి, మన దేవుళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కత్తి గురించి మాట్లాడాలనుకున్నాం. ఎందుకో ముందే చెబుతాం.

పోయిన ఏడు మన పిల్లల్లోనే ఒకడు పుట్టినరోజు చేసుకున్నాడు. ఆన్‌లైన్లో తెప్పించిన పొడవాటి కత్తితో కేకు కోశాడు. స్నేహితుడు దాన్ని ఫోన్లో తీసి, సినిమా పాట తగిలించి రీల్ పెట్టాడు. మూడో రోజు స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. మేము నలుగురం వెంట పోయినాం. ఆ పిల్లాడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. వాళ్లమ్మ వెదురు బుట్టలు అల్లి, సంతలో అమ్మి వాణ్ని చదివిస్తోంది. ‘ఉత్త కేకు కోసినానన్నా, ఎవర్నీ ఏమీ అనలేదు’ అని వాడు ఏడ్చాడు. ఆ పూటకు మందలించి, కాగితం రాయించుకుని పంపించారు. కేసు కాలేదు.

ఇంటికొచ్చినాక వాళ్లమ్మ మమ్మల్ని ఒక మాట అడిగింది. ‘నా చేతిలో ముప్పై ఏండ్లుగా కత్తి ఉంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. వీడి చేతిలో ఒక్క పూట ఉంటే పిలిపించిరి. ఏం తేడా?’

ఆ తల్లి చదువుకోలేదు. కానీ చట్టమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

మన దేశంలో ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. నియమాలు మొదట 1962లో రాశారు, తర్వాత 2016లో కొత్తగా రాశారు. చాలామంది ఇది తుపాకుల చట్టమే అనుకుంటారు. కాదు. దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారైన పదునైన వస్తువులు కూడా ఇందులోకి వస్తాయి. అయితే ఇంటి పనికి, సేద్యానికి మాత్రమే చేసిన వస్తువులు ఆయుధాలు కావని అదే చట్టం 2వ సెక్షన్‌లో చెబుతుంది. నియమాల్లో ఐదో తరగతి కింద కత్తులు, బాకులు, బల్లేలు, యుద్ధ గొడ్డళ్లు ఉన్నాయి. అలుగు 9 అంగుళాల కంటే పొడవు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులూ ఉన్నాయి. వాటిలోనూ ఇల్లు, సేద్యం, శాస్త్రం, పరిశ్రమ పనులకు చేసిన వాటికి మినహాయింపు ఉంది.

ఇదే ఆ తల్లి ప్రశ్నకు జవాబు. చట్టం కొలిచేది ఇనుమును ఒక్కదాన్నే కాదు, అది ఏ పనికి తయారైంది అన్నది కూడా. వెదురు చీల్చే కత్తి ఎంత పొడవున్నా అది పనిముట్టు. కేకు దగ్గర మెరిసిన ఆ కత్తికి వేరే పనేమీ లేదు. దాన్ని చేసిందే భయపెట్టడానికి.

ఇంకో సంగతి. ఈ చట్టం 4వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఏదైనా ప్రాంతానికి నోటిఫికేషన్ ఇస్తే, అక్కడ అలాంటి కత్తులు లైసెన్సు లేకుండా కొనడం, దగ్గర ఉంచుకోవడం, పట్టుకు తిరగడం నేరమవుతుంది. జైలు, జరిమానా రెండూ ఉంటాయి. మీ జిల్లాకు అలాంటి నోటిఫికేషన్ ఉందేమో కలెక్టరాఫీసులో అడగండి. నోటితో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. చదువుకున్న మీరే ఆ పని చేయాలి.

‘9 అంగుళాలు లేకపోతే ఏమీ కాదు’ అని ఒక మాట మన పిల్లల్లో తిరుగుతోంది. అది ఒట్టి మాట. నాలుగంగుళాల చాకు చూపించి బెదిరించినా భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ ఉంది. దాంతో గాయపరిస్తే 118 ఉంది. అల్లరి మూకలో మారణాయుధంతో దొరికితే 191 ఉంది. కాలం కూడా చూసుకోవాలి. ఎన్నికలప్పుడు, ఊళ్లో గొడవలప్పుడు నిషేధాజ్ఞలు పెడతారు. మనం ఇప్పటికీ 144 అంటాం. 2024 జులై 1 నుంచి అది నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్. ఆ ఆజ్ఞలో ఆయుధాలు పట్టుకు తిరగరాదని ఉంటే, ఆ రోజుల్లో మీ కత్తి సంచిలో గట్టిగా చుట్టి, పనికి పోయే దారిలోనే ఉండాలి. టీ బంకు దగ్గర నడుముకు కనపడకూడదు.

ఇప్పుడు అడవి సంగతికి వద్దాం. ఆ తల్లికి చెప్పిన జవాబు ఊరికి సరిపోతుంది, అడవికి సరిపోదు. అక్కడ చట్టం మారిపోతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘ఆయుధం’ అనే మాటకు ఇచ్చిన అర్థం చదివితే మన ఇల్లంతా అందులో కనిపిస్తుంది. విల్లు, బాణం, కత్తి, గాలం, వల, ఉచ్చు అన్నీ ఆయుధాలే. 31వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారమిచ్చిన అధికారి గానీ ముందుగా రాతపూర్వక అనుమతి ఇవ్వకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోకూడదు. ఇక్కడ సేద్యం కత్తికని మినహాయింపు రాయలేదు. నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది, గుండ్ల బ్రహ్మేశ్వరం ఉంది. కడప వైపు లంకమల్లేశ్వరం ఉంది. మన చెంచు గూడేలు చాలావాటికి ఇంటి గడపే అడవి. గడ్డలు తవ్వాలన్నా, తేనె పట్టు కోయాలన్నా చేతిలో ఇనుము ఉండాలి. అంటే, పులుల పేరు మీద గీసిన గీత లోపల మన తాతల పని అనుమతి లేని పని అయింది.

అహోబిలంలో సంక్రాంతి తర్వాత పారువేట జరుగుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి ఊరూరా తిరుగుతాడు. ఆ ఉత్సవంలో చెంచులు విల్లు పడతారు. దేవుడి ముందు మన విల్లు గౌరవం. అదే విల్లు అభయారణ్యంలో చట్టం కంటికి ఆయుధం. ఈ రెండూ ఒకే నల్లమలలో ఉన్నాయి.

2006 అటవీ హక్కుల చట్టం మనకు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు, సేకరించుకునే హక్కు ఇచ్చింది. తరతరాల ఇతర హక్కులనూ గుర్తించింది. వేటను మాత్రం అదే చట్టం మినహాయించింది. దీన్ని ఎవరూ దాచిపెట్టొద్దు. వేటకు పోయి ‘హక్కు’ అంటే ఏ కోర్టూ వినదు.

కొన్ని సముదాయాలు అడిగి సాధించుకున్నాయి. సిక్కులు కిర్పాణ్ ధరించడం వారి మతంలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే రాశారు. కొడగు వాళ్లకు తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. వన్యప్రాణి చట్టంలోనే 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కులను కాపాడుతుంది. మనం వేట అడగడం లేదు. తేనె కోసే కత్తికి, గడ్డ తవ్వే గునపానికి రాత ఒకటి అడుగుతున్నాం.

పెద్దలు పోలీసును చూసి ఎందుకు భయపడతారో కూడా మీరు తెలుసుకోవాలి. ఈ సీమలో ఆయుధం చుట్టూ పాత కథ ఉంది. నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేశాడని 1839లో కుంపిణీ వాళ్లు కర్నూలునే పట్టుకున్నారు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి తెల్లవాళ్లను వదిలేసి మనవాళ్లకు లైసెన్సు పెట్టారు. దానికంటే ఘోరం నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వంటి కులాలను పుట్టుకతోనే నేరస్థులన్నారు. ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచి హాజరు తీసుకున్నారు. అప్పుడు మన చేతిలో కత్తి అక్కరలేదు, మన పేరే చాలు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చట్టం నుంచి పోయింది. మనుషుల మనసుల్లో నుంచి పూర్తిగా పోలేదు. అందుకే మీ చేతిలో కత్తి ఉన్న ఫోటో, వేరే పిల్లాడి ఫోటో చూసేవాళ్లకు ఒకటి కాదు. ఇది న్యాయం కాదు. కానీ నిజం.

ఫ్యాక్షన్ సంగతీ చెప్పాలి. వేటకొడవలి పేరులోనే వేట ఉంది. అడవి పని నుంచి ఊరి పగల్లోకి, అక్కడి నుంచి సినిమాలోకి పోయింది. ఆ పగల్లో కొడవలి పట్టుకుని ముందు నడిచింది ఎక్కువగా పేదింటి పిల్లలే. ‘కూలి డబ్బులిస్తాం, ఒక్క రాత్రి చెట్లు కొట్టి రండి’ అనే ఎర్రచందనం పిలుపూ అలాంటిదే. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది తమిళ కూలీలు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లలో గిరిజనులూ ఉన్నారు. గొడ్డలి ఇచ్చి పంపిన వాడు ఆ చెట్ల కింద లేడు.

మరి ఏం చేయాలి? నాలుగు మాటలు చెబుతాం, గుర్తుపెట్టుకోండి.

ఒకటి. కత్తి పట్టుకుని ఫోటో వద్దు, రీల్ వద్దు. ఆన్‌లైన్లో అమ్ముతున్నారు కదా అని కొనొద్దు. దొరికే వస్తువంతా ఉంచుకోదగిన వస్తువు కాదు. ఒక్క కేసు ఉద్యోగం ముందు జరిగే పోలీస్ వెరిఫికేషన్‌లో అడ్డం పడుతుంది.

రెండు. పనికి పోయేటప్పుడు కత్తిని పనితో పాటు తీసుకుపోండి. వెదురుతో, తాడుతో, గంపతో కలిసి ఉన్న కత్తి తన సంగతి తానే చెబుతుంది.

మూడు. ఆపి కత్తి తీసుకుంటే గొడవ పడొద్దు, పరుగెత్తొద్దు. పంచనామా చదవకుండా సంతకం, వేలిముద్ర పెట్టొద్దు. ‘వెదురు కోసే కత్తి’ని ‘మారణాయుధం’ అని రాస్తే అక్కడే అభ్యంతరం చెప్పండి. తనిఖీని, స్వాధీనాన్ని వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతుంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. మన మీద కావాలని తప్పుడు కేసు పెడితే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

నాలుగు. అడవిలోకి పోయే గూడేలు గ్రామసభ పెట్టండి. ఏ కాలంలో ఏం సేకరిస్తాం, ఏ పనిముట్టు వాడతాం అన్నది తీర్మానంలో రాయండి. అటవీ హక్కుల పత్రాలు జత చేసి, శ్రీశైలం ఐటీడీఏ ద్వారా అటవీ అధికారులను గూడెం మొత్తానికి రాతపూర్వక అనుమతి అడగండి. ఒక్కొక్కరు నోటితో బతిమాలుకోవడం వేరు, ఊరంతా కాగితం మీద అడగడం వేరు. ఆ దరఖాస్తు రాయడానికి మేము మీ పక్కన కూర్చుంటాం.

ఆ పిల్లాడు ఇప్పుడు మళ్లీ పరీక్షకు చదువుతున్నాడు. ఆన్‌లైన్లో కొన్న కత్తి ఇంట్లో లేదు. వాళ్లమ్మ కత్తి మాత్రం గోడకు తగిలించే ఉంది. పిడి అరిగి అరిగి ఆమె గుప్పిటి ఆకారం వచ్చేసింది. సెలవు రోజుల్లో వాడు దాంతో వెదురు చీల్చి ఇస్తాడు. మన చేతిలో ఉండాల్సిన కత్తి అదీ.

 జై ఆదివాసీ!