రివైండ్ బటన్ లేని రోజుల్లో మన వేణుమాధవ్

ఇవాళ మన ఓరుగల్లు మనిషి గురించి మాట్లాడుకుందాం.

హన్మకొండలో నేరెళ్ల వేణుమాధవ్ కళా ప్రాంగణం ఉంది కదా, డాన్స్ ప్రోగ్రాములకని మనలో చాలామంది వెళ్లే ఉంటాం. ఆ పేరు ఎవరిదిరా అని మా తమ్ముణ్ని అడిగితే "ఎవరో లీడర్ అయ్యుంటాడన్నా" అన్నాడు. సగం కరెక్టే లెండి, ఆయన 1972 నుంచి 78 దాకా ఎమ్మెల్సీగా ఉన్నారు. కానీ జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది గొంతుతో.

1932 డిసెంబర్ 28న ఇక్కడే మట్టెవాడలో పుట్టారు. చిన్నప్పుడు సరదాగా మొదలైన అలవాటు, విన్న గొంతును విన్నట్టు దించేయడం. అది మనం కూడా చేశాం, కాలేజీలో లెక్చరర్లను ఇమిటేట్ చేసి నవ్వించాం. మనది అక్కడే ఆగిపోయింది. ఆయనది 1971లో ఐక్యరాజ్యసమితి వేదిక దాకా వెళ్లింది, 2001లో పద్మశ్రీ తెచ్చింది.

నాకు అవార్డుల కన్నా ఇంకోటి ఆశ్చర్యం. 'టెన్ కమాండ్‌మెంట్స్' అని 1956లో వచ్చిన ఇంగ్లిష్ సినిమా ఉంది. అందులో డైలాగులు, వెనకాల మ్యూజిక్, సౌండ్ ఎఫెక్టులు, అన్నీ ఒక్క మైకు ముందు ఒక్కడే చేసి చూపించేవారు! ఆ రోజుల్లో చేతిలో ఫోన్ లేదు, యూట్యూబ్ లేదు. ఒక డైలాగ్ మళ్లీ వినాలంటే మళ్లీ టికెట్ కొని హాల్లో కూర్చోవాల్సిందే.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోణ్ని కాబట్టి ఒక మాట. ఇప్పుడు ఏఐకి కొంచెం ఆడియో ఇస్తే ఎవరి గొంతైనా తయారుచేస్తుంది. రైటే. కానీ ఆ మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, ఏ మాట దగ్గర తడబడతాడు, కోపం ఎక్కడ దాచుకుంటాడు అని చెవితో పట్టుకుని, ఎదురుగా ఉన్న వెయ్యి మందిని చూస్తూ అప్పటికప్పుడు వినిపించడం వేరే లెవెల్. పైగా మిమిక్రీ అంటే ప్రోగ్రాముల మధ్యలో టైంపాస్ అనుకునేవాళ్లు. దాన్ని తెలుగు యూనివర్సిటీలో కోర్సు అయ్యేదాకా తీసుకెళ్లారు ఆయన. 'మిమిక్రీ కళ' అని పుస్తకం కూడా రాశారు.

ఇంట్లో కూడా ఆ కళ ఆగలేదు, వాళ్లమ్మాయి కూడా మిమిక్రీ చేస్తారు. ఇంత పేరొచ్చాక ఏ హైదరాబాదుకో, మద్రాసుకో మకాం మార్చేయొచ్చు. ఆయన మాత్రం వరంగల్‌నే అంటిపెట్టుకున్నారు. 2018 జూన్ 19న ఇక్కడే పోయారు, 85 ఏళ్ల వయసులో. ఆయన పుట్టినరోజునే మిమిక్రీ కళాకారులు మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటారు.

ఇప్పుడు మీతో ఒక పని ఉంది. ఆయన స్టేజీ మీద చేసింది అంతా రికార్డ్ అవ్వలేదు. అయినవి కూడా కొన్ని పాత క్యాసెట్లలో ఉండొచ్చు. ఆ టేపుకి బూజు పడుతుంది, అతుక్కుపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ సౌండ్ పోతుంది. మీ ఇంట్లో అటక మీద డబ్బా ఉంటే దించి చూడండి. దొరికితే తొందరపడి పాత ప్లేయర్‌లో పెట్టేయకండి, టేపు నమిలేస్తుంది. డిజిటల్‌లోకి మార్చేవాళ్లకి ఇవ్వండి. క్యాసెట్ లేదా? మీ తాతనో, నానమ్మనో కూర్చోబెట్టి "వేణుమాధవ్ ప్రోగ్రాం చూశారా?" అని అడిగి, ఫోన్‌లో రికార్డ్ బటన్ నొక్కండి.