దమ్ము వస్తే దాచుకోవద్దు

(శుక్రవారం లేబర్ క్యాంప్ మీటింగులో మాట్లాడిన మాటలు. డ్యూటీ ఉండి రాలేని వాళ్ల కోసం గ్రూపులో పెడుతున్నాం.)



రాత్రి రెండింటికి, మూడింటికి దగ్గుతో లేచి మంచం మీద కూర్చునేవాళ్లు మన రూముల్లో ఉన్నారు. ఛాతీ పట్టేసినట్టు ఉంటది, ఊపిరిలో పిల్లికూతలు. పొద్దున అడిగితే "ఏం లేదన్నా, ఏసీ చల్లదనం" అంటారు. అసలు భయం వేరు. దగ్గు అని తెలిస్తే టీబీ అనుకుంటారు, అన్‌ఫిట్ అని ఇంటికి పంపిస్తారు, ఊళ్లో ఏజెంటుకు కట్టిన అప్పు అట్లనే ఉంటది. ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ ఆస్తమా టీబీ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. దుమ్ము, బూజు లాంటివి పడక ఊపిరి గొట్టాలు వాచి ఇరుకైపోతాయి. మందు వాడుతూ చాలామంది డ్యూటీ చేసుకుంటున్నారు. దాచితే ముదురుతుంది. అయితే రెండు వారాలు దాటిన దగ్గుతో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం ఉంటే మాత్రం టీబీ పరీక్ష చేయించుకోవాల్సిందే.

సైట్ మీద ముక్కుకు తువ్వాల కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు ఫోర్‌మన్‌ను అడగండి. బ్లాకులు, టైల్స్ కోసేటప్పుడు నీళ్లు పెట్టి కోయాలి, పొడిగా ఊడవొద్దు. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు మానండి, ఆ దుమ్మంతా మళ్లీ మీ ముక్కులోకే.

రూములో అసలు దొంగ ఏసీ. ఫిల్టర్ తీసి రెండు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. తడి బట్టలు రూములో ఆరేస్తే గోడకు నల్ల బూజు పడుతుంది. సబ్బు నీళ్లతో తుడవండి, కానీ దమ్మున్న మనిషితో ఆ పని చేయించొద్దు. నీళ్లు కారుతుంటే ఫోటో తీసి క్యాంప్ బాస్‌కు పంపండి, లీకు ఆగకపోతే బూజు మళ్లీ వస్తది. క్లోరాక్స్‌ను బాత్రూం యాసిడ్‌తో కలపొద్దు, విషగాలి వస్తుంది. దోమల కాయిల్, అగరబత్తి, సిగరెట్ రూములో వద్దు.

ఇక పంపు సంగతి. "అలవాటు పడితే వదలదు" అంటారు, అది ఉత్త మాట. పంపులు రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఊపిరి తెరిచేది, ఎక్కువగా నీలం రంగులో ఉంటది. ఇంకోటి వాపు తగ్గించేది, బాగున్నా సరే డాక్టర్ చెప్పినట్టు రోజూ వాడాలి. మనోళ్లు మొదటిదే పట్టుకుని రెండోది వదిలేస్తారు. నీలం పంపు వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ కావాల్సి వస్తే డాక్టర్‌ను కలవండి. పంపు బాగా ఊపి, ఊపిరి బయటికి వదిలి, నొక్కుతూ నెమ్మదిగా లోపలికి పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టండి. రోజూ వాడేది వాడాక నోరు పుక్కిలించాలి. ఎండలో బస్సులో పంపు వదిలి వెళ్లొద్దు. మృగశిరకు హైదరాబాద్ పోయి చేప మందు మింగేవాళ్లు మింగండి, నమ్మకం మీది, పంపు మాత్రం ఆపకండి.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే నిటారుగా కూర్చోబెట్టి, నిమిషానికో పఫ్ నీలం పంపు ఇస్తూ అంబులెన్స్ పిలవండి. దుబాయ్, అబుదాబి వాళ్లు 998, సౌదీ 997, కువైట్ 112, ఖతర్, బహ్రెయిన్ 999, ఒమన్ 9999. ఇప్పుడే సేవ్ చేసుకోండి. పంపు ఎక్కడ పెట్టారో పక్క మంచం వాళ్లకు ఈ రాత్రే చూపించండి.